చెరువుకి ఏది ఎన్నాళ్లు గుర్తుంటుంది: వాటర్ క్వాలిటీ మోడల్‌కి తొలి విలువలు పెట్టే పద్ధతి

పోయిన ఏడాది జనవరిలో మూడు వారాల పాటు నా కంప్యూటర్‌లోని చెరువు పచ్చ పెయింట్ డబ్బాలా తయారైంది. ఏం చేసినా నాచు ఆగడం లేదు. పెరిగే రేటు తగ్గించాను. అడుక్కి మునిగే వేగం పెంచాను. నాచుని తినే సూక్ష్మజీవులకి ఆకలి పెంచాను. ఒక్కోటి మారుస్తుంటే కాస్త దారికొచ్చినట్టే కనిపించేది, రన్‌లో మార్చి నెల రాగానే మళ్లీ మొదటికి. నాలుగో వారంలో ల్యాబ్ నుంచి రెండో రిపోర్టు ఆలస్యంగా వచ్చింది. అందులో మొత్తం ఫాస్ఫరస్ లీటరుకి 0.60 మిల్లీగ్రాములు. మొదటి రిపోర్టు చూసి నేను మోడల్‌కి ఇచ్చిన ఫాస్ఫేట్ 1.07. మొత్తం కంటే అందులో ఒక భాగం ఎక్కువట! బిందెడు నీళ్లలోంచి ముంచిన చెంబులో బిందె కంటే ఎక్కువ నీళ్లున్నట్టు. ఆ తప్పు ఎక్కడ జరిగిందో ముందుకెళ్లాక చెప్తాను. మూడు వారాలు నేను సవరించినవన్నీ మొదట్నుంచీ సరిగ్గానే ఉన్నాయి. తప్పల్లా మొదటి రోజు, మొదటి గంటలో పెట్టిన ఒక అంకె.

నేను పని చేసిన చెరువు నగరానికి ఉత్తరం వైపుంది. పేరు చెప్పను. సుమారు 40 హెక్టార్లు, సగటు లోతు రెండు మీటర్లు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి ఇలాంటి చెరువు కొత్త కాదు. కట్ట ఉంది, తూము ఉంది, మత్తడి ఉంది, తడపాల్సిన పొలాలే లేవు. చుట్టూ ఉన్న అపార్ట్‌మెంట్ల మురుగు నాలాలో పన్నెండు నెలలూ వస్తుంది కాబట్టి మే నెలలో కూడా మత్తడి దుంకుతూనే ఉంటుంది. మోడల్‌గా జీఎల్ఎం (జనరల్ లేక్ మోడల్) తీసుకున్నాను, దానికి ఏఈడీ అనే నీటి నాణ్యత భాగం తగిలించాను. రెండూ ఉచితమే. సీఈ-క్వాల్-డబ్ల్యూ2 గానీ, వాస్ప్ గానీ, ఇలాంటి వేరే మోడళ్లు వాడేవాళ్లకీ కింది మాటలు వర్తిస్తాయి, యూనిట్లు మాత్రం మారతాయి.

మోడల్ అంటే ఇవాళ్టి చెరువు నుంచి రేపటి చెరువుని లెక్కగట్టే యంత్రం. ఇవాళ్టి చెరువు ఎలా ఉందో దానికి మనం చెప్పాలి. నీటిమట్టం ఎంత, ఏ లోతున ఎంత వేడి, ఎంత ఉప్పు, ఎంత ఆక్సిజన్, నైట్రోజన్ ఏ ఏ రూపాల్లో ఉంది, ఫాస్ఫరస్ ఏ ఏ రూపాల్లో ఉంది, నాచు ఎంత, అడుగు బురదలో ఏముంది. వీటినే ఇనీషియల్ కండిషన్స్ అంటాం.

అన్నిటి మీదా ఒకేలా కష్టపడక్కర్లేదు

ఇది నాకు ఎవరూ చెప్పలేదు, అందుకే ముందు చెప్తున్నాను. తొలి విలువ తప్పుగా పెడితే ఆ తప్పుని చెరువు కొన్నాళ్లకి మర్చిపోతుంది. ఎన్నాళ్లకి అన్నది ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది. రెండు మీటర్ల చెరువులో నీటి వేడి మూడు నాలుగు రోజుల్లో ఎండకీ గాలికీ తగ్గట్టు సర్దుకుంటుంది. ఆక్సిజన్ కూడా దాదాపు అంతే. నాచుకి కొన్ని వారాలు పడుతుంది. నా చెరువులో ఫాస్ఫరస్‌కి రెండు మూడు నెలలు పట్టింది. ఉప్పు ఎక్కడికీ మునగదు, ఆవిరైపోదు, బయటికి పారాల్సిందే కాబట్టి దానికి ఏడాది దాటింది. అడుగు బురదకైతే ఏళ్లూ పూళ్లూ.

మనం చేసే పని సరిగ్గా దీనికి తలకిందులుగా ఉంటుంది. వేడి కొలవడం సులువు కాబట్టి అర మీటరుకొకటి చొప్పున కొలిచి అందమైన ప్రొఫైల్ పెడతాం. బురద కొలవడం కష్టం, కంపు కూడా, కాబట్టి డీఫాల్ట్ అంకె వదిలేస్తాం. మూడు రోజుల్లో మర్చిపోయేదానికి మూడు రోజుల శ్రమ, ముప్పై ఏళ్లు గుర్తుండేదానికి మూడు నిమిషాలు. నేనూ అలాగే చేశాను.

గండిపేట లాంటి లోతైన జలాశయమైతే ఈ గడువులన్నీ పెరుగుతాయి. అక్కడ వేడి ప్రొఫైల్‌ని కూడా తేలిగ్గా తీసుకోకూడదు.

ఏ రోజు మొదలుపెట్టాలి

మన దగ్గర జనవరి. రాత్రులు చల్లబడి, పై నీళ్లు బరువెక్కి కిందికి దిగుతాయి, చెరువు మొత్తం బాగా కలిసిపోయి ఉంటుంది. వానల్లేవు కాబట్టి మట్టం నిలకడగా ఉంటుంది. కలిసిపోయిన చెరువుకి ఒకే అంకె పైనుంచి కిందిదాకా పెట్టినా పెద్ద తప్పు రాదు. ఏప్రిల్‌లో మొదలుపెడితే పగలు పై పొర కాగి, రాత్రి కలిసి, రోజూ ఈ గొడవే. జూన్ రెండో వారంలో, రుతుపవనాలు వచ్చే వేళకి మొదలుపెట్టడం ఇంకా అన్యాయం. మొదటి పెద్ద వానకి నాలాల్లో ఎండాకాలమంతా పేరుకున్న మడ్డి ఒక్కసారిగా చెరువులో పడుతుంది. ఆ వారంలో తీసిన శాంపిల్ ఆ వారానికే పనికొస్తుంది. గణేశ్ నిమజ్జనం జరిగే చెరువైతే ఆ పది పదిహేను రోజులూ వదిలేయండి.

మీ పని వానాకాలం గురించే అయినా జనవరి నుంచి నడపండి. అయిదు నెలల సాధన దొరుకుతుంది.

నీటిమట్టం

దీని మీద ఎక్కువ చెప్పను గానీ రెండు గోతులున్నాయి. ఒకటి, అడుగులూ మీటర్లూ. ఉస్మాన్ సాగర్ పూర్తి మట్టం 1,790 అడుగులు అంటారు, హిమాయత్ సాగర్‌ది 1,763.5 అడుగులు అంటారు, హుస్సేన్ సాగర్ దగ్గరికి వచ్చేసరికి 513.41 మీటర్లు అంటారు. ఒకే ఊళ్లో రెండు కొలతలు. చిన్న చెరువులకి కట్ట దగ్గర గేజీ రాయి మీద ఉన్న అంకె సముద్రమట్టం నుంచి కాకుండా తూము గడప నుంచి లెక్కించింది కావచ్చు. అడిగి తెలుసుకోండి. రెండోది, పూడిక. పాత కాంటూరు మ్యాపు ప్రకారం నా చెరువు మధ్యలో నాలుగున్నర మీటర్లు. వెదురు బొంగు దింపి చూస్తే మూడున్నర దగ్గర మెత్తగా తగిలింది, ఇంకా నొక్కితే మరో అర మీటరు దిగింది. మెత్తగా తగిలిన చోటే నీళ్లకి అడుగు. రెండు మీటర్ల సగటు లోతులో 20 సెంటీమీటర్ల తప్పంటే చెరువులోని ప్రతి పదార్థం బరువులోనూ పది శాతం తప్పు.

వేడి, ఉప్పు

వేడికి పైన ఒకటి, మధ్యలో ఒకటి, అడుక్కి అర మీటరు పైన ఒకటి చాలు. మీటరు తీగకి బరువు కట్టండి, లేకపోతే గాలికి తెప్ప జరిగి తీగ ఏటవాలుగా పోతుంది, మూడు మీటర్లనుకున్నది రెండే అవుతుంది. ఫైల్‌లో లోతు పైనుంచి లెక్కించాలా, ఎత్తు అడుగు నుంచి లెక్కించాలా అన్నది మాన్యువల్‌లో చూసుకోండి. మా జూనియర్ ఒకసారి తలకిందులుగా ఇచ్చాడు. చల్లటి నీళ్లు పైన, వెచ్చటివి కింద. మోడల్ నోరెత్తకుండా మొదటి గంటలోనే మొత్తం కలిపేసింది, మాకు వారం దాకా తెలియలేదు.

ఉప్పు విషయంలో ఒక హెచ్చరిక. చేతి మీటరు కండక్టివిటీ, అంటే నీళ్లలో కరెంటు ఎంత బాగా పారుతుందో చూపిస్తుంది, మా చెరువులో 1,200 మైక్రోసీమెన్స్ దరిదాపు. దాన్ని సుమారు 0.64తో గుణిస్తే లీటరుకి 770 మిల్లీగ్రాముల లవణాలు. జీఎల్ఎం అడిగేది గ్రాముల్లో, అంటే 0.77. అక్కడ 770 అని కొట్టినవాళ్లు నాకు తెలుసు. ఇంకొకటి, మీటరు పైన 1,200, కింద 1,350 చూపిస్తే సంబరపడి రెండూ పెట్టేయకండి. లీటరుకి 0.1 గ్రాము ఉప్పు తేడా నీటి బరువులో డిగ్రీలో మూడో వంతు వేడి తేడాతో సమానం. మీటరు తడబాటుని ఫైల్‌లోకి ఎక్కిస్తే చెరువులో లేని పొర మోడల్‌లో పుడుతుంది, గాలి దాన్ని కలపలేదు, కింద ఆక్సిజన్ అయిపోతుంది. రెండుసార్లు దింపి చూసి, రెండుసార్లూ అదే తేడా వస్తేనే నమ్మండి.

ఆక్సిజన్: ఎన్ని గంటలకి కొలిచారు?

మొదటి రోజు మేం చెరువు దగ్గరికి వెళ్లేసరికి మధ్యాహ్నం దాటింది. ట్రాఫిక్, సామాను, కూలింగ్ బాక్సులో ఐసు, మామూలే. మూడు గంటలకి పై పొరలో ఆక్సిజన్ లీటరుకి 13.4 మిల్లీగ్రాములు వచ్చింది. నీళ్లు 22 డిగ్రీలు, హైదరాబాద్ సముద్రానికి అర కిలోమీటరు ఎత్తులో ఉంది కాబట్టి ఇక్కడ నీళ్లు గాలి నుంచి పట్టుకోగలిగేది 8.2 మాత్రమే. అంటే ఒకటిన్నర రెట్లు పైనే. మురుగు చెరువులో ఇంత ఆక్సిజనా అని మా జూనియర్ ఆశ్చర్యపోతే థర్మాకోల్ తెప్ప నడుపుతున్న అన్న నవ్వాడు.

"గిప్పుడొచ్చి చూస్తే గంతే ఉంటది మేడమ్. తెల్లారంగ రాండ్రి. చేపలు నోర్లు పైకి వెట్టి శ్వాస కోసం కొట్టుకుంటయి."

మర్నాడు పొద్దున్న ఆరింటికి వెళ్లాం. 1.8. చేపలు నిజంగానే పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. పగలంతా నాచు ఎండలో ఆక్సిజన్ తయారుచేస్తుంది, రాత్రంతా అదే నాచు ఊపిరి పీల్చి ఖర్చు పెడుతుంది. ఒకే చెరువు, పదిహేను గంటల తేడా, 13.4కీ 1.8కీ పోలికెక్కడ?

మోడల్ సాధారణంగా అర్ధరాత్రి 00:00 గంటలకి మొదలవుతుంది. అక్కడ మధ్యాహ్నపు అంకె పెడితే గంటల కొద్దీ తప్పు. చేయాల్సింది తేలికే. తెల్లవారుజామున ఒకటి, మూడు గంటలకి ఒకటి కొలవండి, అర్ధరాత్రికి రెండిటి మధ్యలో, తెల్లవారు వైపు మొగ్గి ఒక అంకె పెట్టండి. నేను 5 పెట్టాను. నాలుగైదు రోజుల్లో మోడల్ తనంతట తానే సర్దుకుంటుంది కాబట్టి 4 పెట్టినా 6 పెట్టినా కొంప మునగదు. ఈ రెండు కొలతల అసలు ఉపయోగం వేరే ఉంది: రోజులో ఆక్సిజన్ ఎంత ఊగుతుందో తెలిస్తే నాచు ఎంత ఉందో, ఎంత చురుగ్గా ఉందో తెలుస్తుంది.

అన్నట్టు ఏఈడీకి ఆక్సిజన్ ఘనపు మీటరుకి మిల్లీమోళ్లలో కావాలి. మిల్లీగ్రాములని 31.25తో గుణించాలి. 5 కాస్తా 156 అవుతుంది.

ల్యాబ్ రిపోర్టు చదవడం

నా మూడు వారాలు మింగింది ఇక్కడే. మొదటి రిపోర్టులో "ఫాస్ఫేట్: 1.07" అని ఉంది. మోడల్ అడిగింది ఫాస్ఫరస్. ఫాస్ఫేట్ అంటే ఒక ఫాస్ఫరస్‌తో పాటు నాలుగు ఆక్సిజన్లు. ఆ ఆక్సిజన్ల బరువు కూడా ఆ 1.07లో ఉంది. ఫాస్ఫరస్ మాత్రమే కావాలంటే 3.07తో భాగించాలి. 0.35 వచ్చింది. నేను చెరువులో మూడింతల ఎరువు కలిపి, నాచు ఎందుకిలా పెరుగుతోందని దాని పెరుగుదల రేటుని తిట్టుకున్నాను.

నైట్రేట్‌కి కూడా ఇదే కథ, అక్కడ 4.43తో భాగించాలి. అమోనియా మాత్రం మన రిపోర్టుల్లో చాలాసార్లు "అమోనియా నైట్రోజన్" అనే ఉంటుంది, దాన్ని మార్చక్కర్లేదు. అనుమానం ఉంటే ల్యాబ్‌కి ఫోన్ చేసి "ఇది నైట్రోజన్‌గా చెప్పారా, నైట్రేట్‌గా చెప్పారా" అని అడగండి. విసుక్కుంటే విసుక్కోనీండి.

తర్వాతి పని పంచడం. ల్యాబ్ మొత్తం చెప్తుంది, మోడల్ ముక్కలు అడుగుతుంది. నా చెరువు లెక్కే చూపిస్తాను. మొత్తం ఫాస్ఫరస్ 0.60. అందులో కరిగిన ఫాస్ఫేట్ రూపంలో ఉన్నది 0.35. మిగిలింది 0.25. ఇందులో నాచు ఒంట్లో ఉన్నది తీసేయాలి, ఎందుకంటే మోడల్ నాచుని వేరేగా లెక్కపెడుతుంది. క్లోరోఫిల్ లీటరుకి 100 మైక్రోగ్రాములు. ఒక పాలు క్లోరోఫిల్‌కి 50 పాళ్లు కార్బన్ అనుకుంటే 5 మిల్లీగ్రాముల కార్బన్. 41 పాళ్ల కార్బన్‌కి ఒక పాలు ఫాస్ఫరస్ ఉంటుంది కాబట్టి 0.12. ఇక మిగిలింది 0.13, దాన్ని తేలే చెత్తకీ కరిగిన సేంద్రియానికీ చెరి సగం పంచాను. ఆ చెరి సగం నా ఊహే. నాచు వాటా తీసేయకుండా మొత్తం 0.25నీ సేంద్రియ ఖాతాలో వేస్తే ఆ 0.12 మోడల్‌లో రెండుసార్లు పుడుతుంది.

నైట్రోజన్‌కి కూడా ఇంతే. టీకేఎన్ (అమోనియా, సేంద్రియ నైట్రోజన్ రెండూ కలిపిన అంకె) 9, అందులో అమోనియా 6, మిగిలిన 3 సేంద్రియం. నాచు ఒంట్లో 0.88, పోగా 2.12. నైట్రేట్ దగ్గర రిపోర్టులో "బీడీఎల్" అని ఉంది, అంటే పరికరం పట్టుకోలేనంత తక్కువ. అది సున్నా అని అర్థం కాదు. పరికరం పట్టుకోగలిగే కనీస అంకెలో సగం పెట్టండి.

బీఓడీ, అంటే నీళ్లలోని సేంద్రియం కుళ్లడానికి ఖర్చయ్యే ఆక్సిజన్. దీని గురించి మన దేశంలో పని చేసేవాళ్లు తప్పక తెలుసుకోవాల్సింది ఒకటుంది. మోడళ్ల పుస్తకాలన్నీ 20 డిగ్రీల దగ్గర 5 రోజుల బీఓడీ గురించి రాస్తాయి. మన భారత ప్రమాణం ఐఎస్ 3025 పద్ధతిలో 27 డిగ్రీల దగ్గర 3 రోజులు. 20 డిగ్రీల దగ్గర రోజుకి 0.23 రేటు అనుకుని, వేడికి అది పెరగడాన్ని కూడా కలిపి లెక్కేస్తే రెండూ దగ్గర్లోనే ఉంటాయి, అక్కడ 68 శాతం, ఇక్కడ 61 శాతం కుళ్లడం పూర్తవుతుంది. చాలా మోడళ్లకి కావాల్సింది మొత్తం కుళ్లితే ఎంత అన్నది, కాబట్టి మన 3 రోజుల అంకెని 1.63తో గుణించాలి. నా 20 కాస్తా 32.6 అయింది. ఏఈడీకి కార్బన్ కావాలి, 2.67తో భాగిస్తే 12.2. వడకట్టని శాంపిల్ కాబట్టి అందులోనూ నాచు కార్బన్ 5 ఉంది, తీసేశాను. నాచు సీసాలో మూడు రోజుల్లో పూర్తిగా కుళ్లదు, కాబట్టి ఈ తీసివేత కొంచెం ఎక్కువే. తెలిసే చేశాను.

శాంపిల్ తీసేటప్పుడు రెండే జాగ్రత్తలు. ఫాస్ఫేట్ కోసం నీళ్లు తెప్ప మీదే 0.45 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టండి, ఇంటికి తెచ్చేలోగా నాచు దాన్ని తాగేస్తుంది. అడుగు నీళ్లు తీసేటప్పుడు సీసా బురదకి తగిలితే ఆ నీళ్లు పారబోయండి, అమోనియా అంకె ఆకాశానికి పోతుంది.

నాచు అంటే తోడు

పాలు ఎంత చిక్కగా ఉన్నా, ఎంత వెచ్చగా ఉన్నా తోడు వేయకపోతే పెరుగు అవదు. నాచు కూడా మోడల్‌లో అంతే. పెరుగుదల అంటే ఉన్నదాన్ని రేటుతో గుణించడం, సున్నాని దేనితో గుణించినా సున్నాయే. జనవరిలో మైక్రోసిస్టిస్ అనే నాచు రకం కనబడలేదని దాని గడిలో సున్నా పెడితే, నాలా నీళ్లలో కూడా సున్నా ఉంటే, ఏప్రిల్ ఎండల్లో చెరువంతా మైక్రోసిస్టిస్ తెట్టు కట్టినా మోడల్‌లో ఒక్క కణం పుట్టదు. కనబడని రకాలకి కూడా క్లోరోఫిల్ లెక్కన 0.1 మైక్రోగ్రాము తోడు వేయండి.

మొత్తం నాచుకి పైన చెప్పిన 5 మిల్లీగ్రాముల కార్బన్‌ని 12తో భాగించి వెయ్యితో గుణిస్తే ఘనపు మీటరుకి 417 మిల్లీమోళ్లు. పది శాతం అటూ ఇటూ అయినా పర్లేదు, అయిదారు వారాల్లో సర్దుకుంటుంది.

గుర్రపు డెక్క ఉంటే మాత్రం కట్ట మీద నిలబడి ఫోన్‌తో ఫొటో తీసి, చెరువులో ఎంత శాతం కప్పిందో అంచనా కట్టి రాసుకోండి. దాని కింద ఎండా చేరదు, గాలీ చేరదు. నేను వాడిన మోడల్‌కి దీన్ని పెట్టే గడి లేదు, గాలి వేగాన్నీ వెలుతురునీ ఆ మేరకి తగ్గించి సరిపెట్టాను. మొరటు పద్ధతే.

ఒక చెరువు, ఎన్ని శాంపిళ్లు?

జీఎల్ఎం చెరువుని నిలువునా మాత్రమే చూస్తుంది, అడ్డంగా అంతా ఒకటే అనుకుంటుంది. కాబట్టి నాలా దగ్గరా, మధ్యలో, మత్తడి దగ్గరా తీసి సగటు వేయాలి. మామూలు సగటు వద్దు, ఒక్కో చోటు ఎంత నీటికి ప్రతినిధో ఆ పాళ్లలో. నాలా నోటి దగ్గర అమోనియా 15 ఉన్నా అది చెరువులో ఇరవయ్యో వంతే కావచ్చు. హుస్సేన్ సాగర్ లాంటి చోట, కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు తలా ఒక వైపు ఉన్నప్పుడు ఈ సగటు మాటే తప్పు. అక్కడ రెండు మూడు దిక్కుల్లో లెక్కించే మోడల్ తీసుకుని చెరువుని నాలుగైదు ముక్కలు చేసి ఒక్కో ముక్కకి వేరే విలువలు ఇవ్వాలి.

బురద

ఇప్పుడు అసలు సంగతి. నా చెరువులో 8 లక్షల ఘనపు మీటర్ల నీళ్లు. 0.60 చొప్పున మొత్తం 480 కిలోల ఫాస్ఫరస్. నాలాలో రోజుకి 5,000 ఘనపు మీటర్ల మురుగు, 4 చొప్పున రోజుకి 20 కిలోలు లోపలికి. మత్తడి మీదుగా అంతే నీళ్లు, 0.60 చొప్పున 3 కిలోలు బయటికి. అంకెలు గుండ్రంగా చేశాను, లెక్క మాత్రం ఇదే. మరి రోజుకి 17 కిలోలు ఎక్కడికి పోతున్నట్టు? అడుక్కి. ఏడాదికి ఆరు టన్నులు. నీళ్లలో ఉన్నది అర టన్ను కూడా లేదు, అడుగున ఏటా దానికి పన్నెండు రెట్లు చేరుతోంది, అదీ ఎన్నో ఏళ్లుగా. నీళ్లలోని 0.60ని 0.55 అనాలా 0.65 అనాలా అని నేను ఒక రోజంతా తర్జనభర్జన పడ్డాను. బురద గడిలో డీఫాల్ట్ ఉంది. ఆ లెక్క కాగితం మీద వేసిన రోజు నాకు నవ్వొచ్చింది.

ఈ బురద ఆక్సిజన్ లేనప్పుడు ఫాస్ఫరస్‌ని తిరిగి పైకి వదులుతుంది. చదరపు మీటరుకి రోజుకి 10 మిల్లీగ్రాములు వదిలినా 40 హెక్టార్లకి 4 కిలోలు. అది మత్తడి మీదుగా పోయేదాని కంటే ఎక్కువ. కాబట్టి రేపు నాలా నీటిని శుభ్రం చేస్తే చెరువు ఎన్నేళ్లకి బాగుపడుతుంది అన్న ప్రశ్నకి జవాబు నీళ్ల తొలి విలువలో లేదు, బురద తొలి విలువలో ఉంది.

కొలవడం ఎలా? మేం చేసింది చెప్తాను. రెండున్నర అంగుళాల పారదర్శక గొట్టం బురదలోకి గుచ్చి, పైన మూత బిగించి, చెదరకుండా పైకి తీశాం. బురద పైన 30 సెంటీమీటర్ల చెరువు నీళ్లు. గాలిబుడగ లేకుండా మూసి, నల్ల కవరు చుట్టి, లోపల ఆక్సిజన్ మీటరు పెట్టాం. ఆరు గంటల్లో 6 నుంచి 4కి పడిపోయింది. 2 గ్రాములు ఇంటూ 0.3 మీటరు, చదరపు మీటరుకి ఆరు గంటల్లో 0.6 గ్రాములు, రోజుకి 2.4. పక్కనే బురద లేకుండా నీళ్లు మాత్రమే పోసిన గొట్టంలో పడిపోయింది ఇందులోంచి తీసేయాలి. మిగిలినదాన్ని 31.25తో గుణిస్తే ఏఈడీ అడిగే యూనిట్లు. అయిదు చోట్ల ఇలా చేశాం. నాలా దగ్గర గొట్టం తీస్తే వచ్చిన వాసన కారు సీట్లలో నెల రోజులుంది.

గొట్టం గుచ్చే వీలు లేకపోతే రెండో దారి: మోడల్‌నే అడగడం. ఒకే ఏడాది వాతావరణాన్నీ నాలా నీళ్లనీ అయిదారుసార్లు తిప్పి తిప్పి నడపండి. బురదలో అంకె ఏటా మారడం ఆగాక దాన్ని తీసుకుని తొలి విలువగా పెట్టండి. స్పిన్-అప్ అంటారు. కానీ ఇందులో ఒక మెలిక ఉంది. మీ చెరువుకి రెండేళ్ల కింద నాలా మళ్లించి ఉంటే, లేదా కొత్తగా ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి కేంద్రం) కట్టి ఉంటే, ఇప్పటి శుభ్రమైన నీళ్లతో స్పిన్-అప్ చేస్తే బురద కూడా శుభ్రంగా వస్తుంది. నిజం బురదకి ఆ వెనకటి ముప్పై ఏళ్లు గుర్తున్నాయి. కాబట్టి పాత మురుగుతో తిప్పి, చివరి రెండేళ్లు మాత్రమే కొత్త నీళ్లివ్వాలి. పూడిక తీసిన చెరువుకైతే తీసిన రోజు నుంచి మొదలుపెట్టాలి. ఈ చరిత్ర ఏ ఫైల్‌లోనూ దొరకదు. కట్ట దగ్గర టీ కొట్టు అతన్ని అడిగితే దొరుకుతుంది.

నడిపే ముందు, నడిపాక

ముందు బరువులు చూడండి. ప్రతి పదార్థానికీ గాఢతని ఘనపరిమాణంతో గుణించి కిలోల్లో రాయండి. మోడల్ మొదటి గంట అవుట్‌పుట్ నుంచి కూడా అదే లెక్క తీయండి. రెండూ కలవకపోతే యూనిట్ ఎక్కడో జారింది. ముక్కలన్నీ కలిపితే మొత్తం ఫాస్ఫరస్ 0.60 రావాలి. ఈ ఒక్క పని జనవరి మొదటి రోజునే చేసి ఉంటే నాకు ఇంత రాసే అవసరం ఉండేది కాదు.

తర్వాత మూడుసార్లు నడపండి. ఒకటి మీ విలువలతో, ఒకటి అన్నీ రెట్టింపు చేసి, ఒకటి అన్నీ సగం చేసి. మట్టాన్నీ వేడినీ కదపకండి. మూడు గీతలనీ ఒకే గ్రాఫ్ మీద గీయండి. మూడూ ఎక్కడ కలుస్తాయో ఆ తేదీ వరకు వచ్చిన ఫలితాలని రిపోర్టులో వాడకండి, క్యాలిబ్రేషన్‌కి, అంటే కొలతలకి సరిపోయేలా మోడల్ రేట్లు సవరించడానికి, అసలే వాడకండి. నా చెరువులో ఆక్సిజన్ నాలుగో రోజుకి కలిసింది, నాచు ఆరో వారానికి, ఫాస్ఫరస్ ఏప్రిల్ మొదటికి. బురద గీతలు మాత్రం ఏడాది చివరికి కూడా కలవలేదు. దాన్ని దాచలేదు, మూడు గీతలూ అలాగే రిపోర్టులో పెట్టాను. మీటింగ్‌లో "ఏ గీత కరెక్టు మేడమ్" అని అడిగారు. గొట్టాలు ఇంకో పది గుచ్చడానికి డబ్బులిస్తే చెప్తానన్నాను.

చివరిగా నా నోట్‌బుక్ అలవాటు. తొలి విలువల పట్టికలో ప్రతి అంకె పక్కన ఒక రంగు పెడతాను. కొలిచినదానికి ఆకుపచ్చ, కొలిచినదాని నుంచి లెక్కగట్టినదానికి పసుపు, ఊహించినదానికి ఎరుపు. ఆ చెరువుకి మొదటి పట్టికలో ఎరుపులు పదకొండు. ఇప్పుడు నాలుగున్నాయి, అందులో రెండు బురదవే.